కోసేసిన మాట

హలో… ఆ, నేనేరా సుధాకరా. అక్కని.

చూసినా… ఇందాకట్నుంచి చేస్తానే ఉండావు. ఎత్తే వీల్లేకపోయింది. లోపల సెల్లు మోగితే నర్సమ్మ కసురుకుంటాది… ఆసుపత్రిలో. నెల్లూర్లోనే.

కాదు, నాకేం కాలేదు. నేను పడిపోలేదు… లేదన్నా గదా. నిలబడే మాట్లాడతా ఉండా నీతో, వరండాలో.

తిన్నాలే. పొద్దున ఇడ్లీ, ఇందాక కొంచెం పెరుగన్నం… నీళ్ళు కూడా తాగినా. నా సంగతి వదిలెయ్.

ఏందో సంతోషమైన మాటా… తర్వాత చెప్పు. అదేందైనా గానీ తర్వాత చెప్పు.

మగ్దలీనమ్మని తెచ్చినాం ఈడికి.

మగ్దలీనమ్మరా. మా పక్కింటామె. నువ్వు మా ఇంటికొచ్చినప్పుడల్లా గిన్నెతో పీతల కూర తెచ్చిచ్చేది… ఆ, ఆమే. గట్టిగా నవ్వతాది, వీధి చివరికి వినపడతాది… ఆమే.

పక్షవాతం అంటా ఉండారు.

పొద్దున్నే. కొళాయి కాడ. ఇద్దరం నీళ్ళు పట్టుకుంటా ఉండాం. బిందె ఎత్తుకోబోయి నా తట్టు చూసింది. 'వనజా' అనబోయింది… నోరు తిరగలేదు ఆమెకి. మూతి ఒక పక్కకి జారింది. కుడి చెయ్యి బిందె మీదనుంచి అట్నే కిందకి పడిపోయింది.

నేనేమనుకున్నానో తెలుసా. నాకు మాదిరే కళ్ళు తిరిగినాయేమో అనుకున్నా. నన్ను పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెడతారు గదా, ఆమెకి కూడా అట్నే చెయ్యబోయినా. ఆ లోపల మీ బావ వచ్చి చూసి, 'ఇది నీకొచ్చేది గాదు, మూతి చూడు, ముందు బండిని పిలువు' అన్నాడు.

ఆ, నూట ఎనిమిది బండిలోనే. నేనూ మీ బావా ఎక్కినాం. మొగుడు లేడు గదా ఆమెకి. ఒక్కటే కూతురు, అబిగయీలు. కృష్ణపట్నంలో పని ఆ పిల్లకి, ఆడే హాస్టల్లో ఉంటాది. ఫోన్ చేస్తే బస్సెక్కి నేరుగా ఈడికే వచ్చింది. వేసుకున్న కంపెనీ చొక్కాతోనే వచ్చింది.

ప్రాణానికా… ఇప్పుడే ఏం చెప్పలేం అన్నాడు డాక్టరు. బీపీ బాగా పెరిగిపోయి మెదడులో నరం చిట్లిందంట. కుడిపక్క చెయ్యి, కాలు కదలటం లేదు. మాట లేదు. కళ్ళు మాత్రం తిప్పతా ఉంది.

ఊ… పాపమే.

…పాపం అన్నావు. ఇంకేమన్నా అంటావేమో అని చూస్తా ఉండా.

ఏం లేదా.

సరే, నేనే చెప్తా. డాక్టరు అడిగినాడు, ఈమెకి బీపీ ఉందని మీకు తెలుసా అని. తెలుసయ్యా, ఎప్పట్నుంచో మాత్రలు మింగతా ఉంది అన్నా నేను. రోజూ మింగతా ఉందా అన్నాడు. అబిగయీలు నా మొహం చూసింది. చూసి, 'లేదు సార్, మానేసి కొన్ని నెలలైంది' అంది. ఎందుకు మానేసిందమ్మా అన్నాడాయన. ఆ పిల్ల ఆయనకి చెప్పలా. నా తట్టు తిరిగింది. 'నువ్వే గదక్కా మానెయ్యమన్నావు' అంది.

నన్నేరా… ఆ, నేనూ అదే అన్నా. నేనెప్పుడు మానెయ్యమన్నానే తల్లీ అన్నా.

'వీడియోలో' అంది.

ఉండు. నువ్వు మాట్లాడబాక… నీకూ టైమిస్తా. ముందర నన్ను చెప్పనీ.

నువ్వు తీసి నీ ఛానల్లో పెట్టిన ఆ వీడియో నేను ఈ పొద్దు చూసినాన్రా. మొదట్నుంచి చివరిదాకా చూడటం నాకిదే మొదలు. ఆసుపత్రి బల్ల మీద కూర్చోని, ఆ పిల్ల ఫోన్లో… చూపించినావు, నిజమే. నేను కాదన్లా. ఆ రోజు మా ఇంటికొచ్చి చూపించినావు. పాట వస్తాది, సముద్రం కనపడతాది, నేను పంచలో కూర్చోని మజ్జిగ కలపతా ఉంటా. ఆడిదాకా చూపించి, 'అక్కా, ఎంత బాగుండావో చూడు' అన్నావు. నేనేమో ఆ వెలిసిపోయిన కోక కట్టుకోకుండా ఉంటే బాగుండు అనుకోని, సిగ్గుపడి ఫోన్ నీ చేతికిచ్చేసినా. నాదేమో బటన్ల ఫోను, అవన్నీ రావు. మళ్ళా చూడాలని కూడా తోచలా. నేను చెప్పింది నేను చూసుకునేదేముంది. తమ్ముడు తీసినాడు, నేను చెప్పిందే ఉంటాది గదా.

దానికేం పేరు పెట్టినావు?

పేరురా… పైన పెద్ద అక్షరాలతో రాసినావే. నాకు చదవటం వచ్చులే. నువ్వు చెప్పు, నీ నోటితో వింటా.

'మాత్రల్లేకుండా బీపీ మాయం.' ఊ.

నాకుండేది లో బీపీ గదా సుధాకరా. నాకు తక్కువ గదా. ఆ 'లో' ఏమైంది?

…లో అని రాస్తే ఎక్కువ మంది చూడరా. …బీపీ ఎక్కువుండేవాళ్ళే లోకంలో ఎక్కువా. నిజమే. మా వీధిలో కూడా వాళ్ళే ఎక్కువ. మగ్దలీనమ్మ వాళ్ళలోదే.

నేను ఆ రోజు ఏం చెప్పినానో నీకు గుర్తుందా. నాకుంది. ముందు రోజంతా ఇసకలో ఎండేసిన చేపలు తిరగేస్తా అదే అనుకుంటా ఉండా, ఏం చెప్పాల, ఎట్ట చెప్పాల అని. నాకు మాట్లాడేది కొత్త గదా. మన ఆడోళ్ళు ఎంతమంది పొద్దున్నే ఏం తినకుండా ఎండలోకి పోయి కళ్ళు తిరిగి పడిపోతా ఉండారు, నేను చెప్తే ఒకరిద్దరన్నా బాగుపడతారు గదా అనుకున్నా.

'ఎండుచేపలు తిరగేస్తా ఉంటే కళ్ళు చీకట్లు కమ్మి ఇసకలో పడిపోయినా. నా తమ్ముడు బండి మీద నెల్లూరు తీసకపోయినాడు. డాక్టరు చూసి, బీపీ బాగా తక్కువుందమ్మా అన్నాడు.' ఇట్టగదా మొదలుపెట్టినా. వీడియోలో తమ్ముడు ఉండాడు. డాక్టరు లేడు. ఇసకలో పడిపోవడం ఉంది, తక్కువుందనే మాట లేదు.

'నాకు మాత్రలు అక్కర్లేదు, తిండితోనే సరిపోతాదని చెప్పినాడు డాక్టరు' అన్నా. ఇప్పుడేముంది దాంట్లో? 'మాత్రలు అక్కర్లేదు, తిండితోనే సరిపోతాది.' అంతే. ముందర ఉండే 'నాకు' పోయింది. వెనకుండే డాక్టరు పోయినాడు. నోరు నాదే. గొంతు నాదే. నేను అనిందే అది. కానీ నేను అట్ట అన్లేదురా.

…ఎడిటరా. ఎడిటరెవరు? …సుధాకరా, నీ కంప్యూటరు మీ పడకింట్లో ఉంది. నేను మీ ఇంటికొచ్చినప్పుడు నువ్వు దాని ముందర కూర్చోని అన్నానికి కూడా లేవవు. మరదలు వాణి పళ్ళెం తెచ్చి నీ ఒళ్ళో పెడతాది. ఇంకో మనిషి యాడనుంచి వచ్చినాడు మధ్యలో?

ఊ… నువ్వేలే. ఒప్పుకున్నావు, సంతోషం.

మిగతావన్నీ బాగుండాయి. ఒక్క మాట కూడా పోలా. పొద్దున లేవగానే నీళ్ళు తాగమనింది ఉంది. కడుపు పగిలేటట్టు తినబాకండి, కొంచెం కొంచెం నాలుగైదు సార్లు తినండి అనేది ఉంది. ఉపవాసాలుండబాకండి, గుడ్డు తినండి, మునగాకు తినండి, మంచం మీదనుంచి గబుక్కున లేవబాకండి… అన్నీ ఉండాయి. మజ్జిగలో ఉప్పు, నిమ్మకాయ నీళ్ళలో ఉప్పు. చెంచాతో ఉప్పేసేదైతే ఎంత దగ్గరగా చూపించినావంటే, పలుకులు లెక్కపెట్టుకోవచ్చు.

ఒక్కటి లేదు.

నీకు తెలుసులే. నేను చెప్పకముందే తెలుసు… చెప్పు మరి.

'కళ్ళు తిరిగినాయని ఎవరుబడితే వాళ్ళు ఉప్పు తాగబాకండి. ముందర పోయి బీపీ చూపించుకోండి. ఎక్కువుండేవాళ్ళకి ఇది విషం.' నేను రెండుసార్లు చెప్పినారా ఆ మాట. మొదటిసారి చెప్పేటప్పుడు కాకులు అరిచినాయని నువ్వే మళ్ళా చెప్పించినావు. కాకుల్ని తోలి, నీళ్ళు తాగి, మళ్ళా చెప్పినా. ఇప్పుడు చూస్తే ఆ రెండూ లేవు.

…భయపెట్టినట్టుంటాదా. ఎవర్ని? …చివర్లో భయపెడితే జనం ఇంకొకరికి పంపరా. అది సంతోషంగా ముగియాలా. ఊ. సంతోషంగానే ముగిసింది. నేను గ్లాసు దించి నవ్వతా. నవ్వమనింది నువ్వే.

పొరపాటా?

అట్ట అనబాక. నన్ను చూసిన డాక్టరు ఆ మాట చెప్పేటప్పుడు నువ్వు నా పక్కనే ఉండావు. …ఉండావురా. నా చెప్పులు చేత్తో పట్టుకోని నిలబడుకోనుండావు, అది నా కంటికి కట్టినట్టుంది. 'ఈ ఉప్పు నీకే మందమ్మా. ఇంట్లో అందరికీ పోసేవు, జాగర్త' అన్నాడాయన. అప్పుడు నువ్వేమడిగినావు? 'మా అమ్మకి బీపీ ఎక్కువ సార్, ఆమెకి ఇయ్యకూడదు గదా' అన్నావు. నువ్వే అడిగినావు. తెలియక చేసినాడులే అని నేను అనుకునే దారి కూడా లేకుండా చేసుకున్నావు.

…ఆమె మాత్రలు మానెయ్యడం ఆమె తప్పా. డాక్టర్ని అడగాల్నా ఆమె. …సరే. అడిగుండాల. మరి అడిగిన వాళ్ళకి నువ్వేం చెప్పినావు?

అదే చెప్తా ఉండా. ఇంకా అయిపోలా. వీడియో ఒక్కటే అయితే నేను ఏదో మూల కూర్చోని ఏడ్చి ఊరుకునేదాన్ని.

అబిగయీలు నీకు ఫోన్ చేసిందా లేదా?

…

గుర్తులేదా. బోలెడు మంది చేస్తారా… నేను గుర్తు చేస్తా ఉండు. ఆ పిల్లని అడిగినా నేను— 'పక్కింట్లోనే ఉండేది నేను. రోజూ మీయమ్మతో నీళ్ళు పట్టుకునేది నేను. ఒక్క మాట నన్ను అడిగుండకూడదా తల్లీ' అని. నాకు కోపం కూడా వచ్చింది ఆ పిల్ల మీద, అబద్ధమెందుకు. ఆ పిల్ల ఏమందో విను. 'అడిగినాను గదక్కా' అంది. 'వీడియోలో నీ పేరు కింద నంబరుంది. నీ కొత్త నంబరేమో అని దానికే చేసినా. సుధాకరన్న ఎత్తినాడు. మాయమ్మకి బీపీ ఎక్కువ, మాత్రలు మింగతా ఉంది, ఇది తాగొచ్చా, వనజక్కని కనుక్కోని చెప్పన్నా అన్నా. ఉండమ్మా, అక్క పక్కనే ఉంది అన్నాడు. కాసేపు ఆగినాడు. ఆగి, ఎవరైనా తాగొచ్చంటమ్మా, అక్క చెప్పమంది అన్నాడు' అంది.

…

సుధాకరా. ఉండావా?

నేను ఆ రోజు నీ పక్కన ఉండానా?

…లేను. అంతే, ఆ ఒక్క మాట చాలు. లేను.

మరి కాసేపు ఆగినావంట గదా. ఆ కాసేపు ఎవర్ని అడిగినావు? గోడనా?

…ఫోన్ల మీద ఫోన్లా. అందరూ అదే అడగతారా. …అందరికీ అట్నే చెప్తావా. …అందరికీ నా పేరేనా.

దేవుడా.

లేదు, ఉండా. గోడకానుకున్నా, అంతే. …కూర్చుంటాలే. నా ఆరోగ్యం గురించి నువ్వడగబాక, నాకు ఒళ్ళు మండతా ఉంది.

పోయిన వారం మగ్దలీనమ్మ నాతో ఏమందో తెలుసా. 'నీ మజ్జిగ పుణ్యమా అని బాగుండానే వనజా' అంది. నేను నవ్వినా. మజ్జిగ తాగతా ఉందిలే, మంచిదే గదా అనుకున్నా. దాంట్లో ఉప్పెంత పోసుకుంటా ఉందో నాకేం తెలుసు. మాత్రలు మానేసిందని నాకేం తెలుసు. ఆమేమో నీ చేత నేనే చెప్పించినానని, నాకంతా తెలుసని అనుకుంది. ఇద్దరం ఒకే కొళాయి కాడ నిలబడి, ఆమె ఒకటి అనుకుంటా, నేనొకటి అనుకుంటా… ఇన్ని నెలలు.

ఆమెకి తల నొప్పిగా ఉందని రెండు మూడు సార్లు అంది. ఎండకేమోలే అన్నా.

…ఊ.

నీకొకటి చెప్పాల్రా. నేను ఇసకలో పడిపోయిన రోజున మీ బావ సముద్రం మీద చేపల వేటకి పోయుండాడు. ఎవరో నీకు ఫోన్ చేస్తే, నువ్వు చేసే పని యాడిదాడ వదిలేసి వచ్చినావు. నన్ను బండి మీద నీ వెనక కూర్చోబెట్టుకోని, జారిపోతానేమో అని నా పమిట కొంగు నీ నడుముకి కట్టుకున్నావు. విడవలూరు దాటేదాకా 'అక్కా, అక్కా' అని పిలస్తానే ఉండావు, నేను ఊ అనేదాకా ఊరుకోలా. ఆ తర్వాత కూడా రోజూ ఫోను. నీళ్ళు తాగినావా, మజ్జిగ తాగినావా, పొద్దున్నే ఏమన్నా తిన్నావా… ఊళ్ళో అందరికీ చెప్పుకున్నా నేను. తోడబుట్టినోడంటే నా తమ్ముడే అని చెప్పుకున్నా. అందుకే గదా ఆ వీడియోని కూడా అందరూ నమ్మినారు.

అప్పుడే అనుకున్నావా? …వీడియో సంగతి. నన్ను ఆసుపత్రికి తీసకపోయేటప్పుడే దీన్నొక కథ చెయ్యాలని అనుకున్నావా, తర్వాత అనుకున్నావా?

…నిజంగా భయపడినావా. అప్పుడు.

ఏమో. నువ్వు నిజమే చెప్తా ఉండొచ్చు. నాకిప్పుడు తెలియటం లేదు. నీ మాటలో ఏది ఉంచినావో, ఏది కోసినావో నాకెట్టా తెలస్తాది?

ఏందీ? …గట్టిగా చెప్పు, ఈడ స్ట్రెచరు పోతా ఉంది.

…ఆ. …ఊ. …నేను చెప్పాల్నా.

మళ్ళా చెప్పు. నేను సరిగ్గా విన్నానో లేదో.

'మగ్దలీనమ్మకి నేను విడిగా చెప్పినా. ఎక్కువ బీపీ వాళ్ళు తాగకూడదని కొళాయి కాడ చెప్పినా. ఆమే వినలేదు.' ఇట్ట చెప్పాల్నా నేను. అబిగయీలుతోనా? …డాక్టరుతో కూడానా. …ఎవరడిగినా.

బాగా ఆలోచించినావు. నేను ఆమె సంగతి చెప్తా ఉంటే నువ్వు ఊ కొట్టతా ఇదే ఆలోచించతా ఉండావా.

…ఎవరూ కాదనలేరు. నిజమే. ఆమెకి మాట పడిపోయింది గదా. చెప్పినామని మనం అంటే, చెప్పలేదు అనేదానికి ఆమెకి మాట లేదు. …నువ్వు అట్ట అన్లేదులే. నేనంటా ఉండా.

ఏం ఓపెనింగు?

…అదేనా సంతోషమైన మాట. అంగడి పెడతా ఉండావా. …ఈ ఆదివారమా. …పొడులు, ఉప్పులు, పచ్చళ్ళు. ఊ. పేరు?

'వనజక్క వంటిల్లు.'

…బోర్డు కూడా కొట్టించినావా. నా బొమ్మతోనా. …నేను సంతోషపడతానని దాచిపెట్టినావా. రిబ్బను కూడా నా చేతనే కోయించాలనుకున్నావా.

నిన్న చెప్పుంటే ఎంత పొంగిపోయుండేదాన్నో. వీధంతా తిరిగి చెప్పుకోనుందును. మగ్దలీనమ్మకే ముందర చెప్పుందును.

తీసెయ్ ఆ బోర్డు.

…తీసెయ్యమంటా ఉండా. …అమ్మకా? అమ్మకియ్యబాక ఫోను. ఆమెనెందుకు లాగతావు మధ్యలోకి… సుధాకరా, అమ్మకియ్యబాక…

అమ్మా. …ఆ, నేనే. …బాగుండానమ్మా. …ఏడవటం లేదు. …వాడేం చెప్పినాడు నీకు? …మగ్దలీనమ్మ వాళ్ళు వాడి మీద నింద వేస్తా ఉండారా. అట్ట చెప్పినాడా. …కాదమ్మా. …నేను నీకు తర్వాత అంతా చెప్తా. …తోడబుట్టినోణ్ణి రోడ్డు మీద పెట్టబాక అంటావా. …వింటా ఉండానమ్మా.

అమ్మా, ఒకటి అడగతా, చెప్పు. వాడు నీకెప్పుడన్నా ఆ ఉప్పు మజ్జిగ ఇచ్చినాడా? …ఆ వీడియోలోది. …ఇయ్యలేదా. …నువ్వడిగినావా? …అడిగితే? …'నీకు పడదు, నీకు బీపీ ఎక్కువ' అన్నాడా. …గ్లాసు చేతిలోనించి లాక్కున్నాడా. …జాగర్తగానే చూసుకుంటా ఉండాడు నిన్ను. మాత్రలు కూడా వాడే తెచ్చిస్తాడా. …మంచిదమ్మా. అట్నే మింగు. మానబాక. ఎవరు చెప్పినా మానబాక.

ఫోన్ వాడికియ్యి.

…విన్నావు గదా.

అమ్మకైతే గ్లాసు లాక్కున్నావు. ఆ పిల్ల వాళ్ళమ్మ గురించి అడిగితే తాగొచ్చన్నావు.

…ఏం చెప్పొద్దు. సాకులు వెతుక్కోబాక.

ఇప్పుడు నేను చెప్పేది విను. నువ్వు కూర్చోని ఇంకో వీడియో తియ్యి. ఈ పొద్దే. నీ మొహం చూపించు, నా మొహం కాదు. మా అక్కకి ఉండేది లో బీపీ, ఆమె చెప్పిన మాట నేను కోసేసినా, ఎక్కువుండేవాళ్ళు తాగబాకండి, తాగేవాళ్ళు ఆపేసి డాక్టరు కాడికి పోండి అని చెప్పు. నీ పేరు చెప్పి చెప్పు.

…ఉండేదాన్ని తీసేస్తావా. ఎవరికీ తెలియకుండా. …తీసేస్తే నీ తప్పు కనపడకుండా పోతాది, అంతే. చూసినవాళ్ళు చూసినారు గదా. వాళ్ళు రేపు పొద్దున కూడా లేచి తాగతారు. వాళ్ళకెవరు చెప్తారు?

…నీ ఛానలు పోతాదా. …అంగడి పోతాదా. …వాణికేం చెప్తావా. నిజం చెప్పు. నీ పెళ్ళాం గదా.

…నేను కొంచెం నిదానించాల్నా. ఆమె కోలుకునేదాకా ఆగాల్నా. ఎందుకు ఆగాల? ఇట్టాంటి మగ్దలీనమ్మలు ఎన్ని ఊళ్ళలో ఉండారో నీకు తెలుసా? నాకు తెలియదు. నీకు ఫోన్లొస్తాయి గదా, నీకే తెలియాల. బోగోలు నుంచి మన మేనత్త వాళ్ళు కూడా చూసినామని చెప్పినారు. మేనత్తకి ఎక్కువో తక్కువో ఎవరు కనుక్కున్నారు? …నువ్వు కనుక్కున్నావా. …లేదు గదా.

చెప్పవా నువ్వు.

…చెప్పలేవా. సరే.

అయితే నేను చెప్తా. అబిగయీలు ఫోన్ ఉంది. ఆ పిల్లే తీస్తాది. ఆసుపత్రి బయట చెట్టు కింద నిలబడి చెప్తా. నాకు పాట వద్దు, సముద్రం వద్దు. మీ బావకి చెప్పినా ఇందాకే. 'తమ్ముడితో ఒకసారి మాట్లాడి చూడు, వాడే ఒప్పుకుంటాడులే' అన్నాడు. ఆయన ఇంకా నిన్ను నమ్మతా ఉండాడు. …ఈడే ఉండాడు. మందులు తెచ్చేదానికి కిందకి పోయినాడు.

…అక్కా తమ్ముళ్ళమనేది నేను మర్చిపోయినానా. నాకే చెప్తా ఉండావా ఆ మాట.

మర్చిపోలా. మర్చిపోతే ఇంత నొప్పి ఉండదు. ఎవరో పరాయోడు నా మొహం పెట్టి అబద్ధం ఆడుంటే తిట్టి, శాపనార్థాలు పెట్టి, మనసు చల్లార్చుకోనుందును. నిన్ను తిట్టేదానికి కూడా నోరు రావటం లేదు నాకు.

…వస్తావా. ఈడికా. రా. వచ్చి ఆ పిల్ల ముందర నిలబడు. నువ్వేం చెప్పలేకపోయినా పర్లేదు, నిలబడు చాలు.

…చీకటి పడినాకా. ఆ పిల్ల లేనప్పుడా. నన్ను ఒక్కదాన్నే బయటికి పిలస్తావా.

అయితే రాబాక.

…

వస్తా ఉండానమ్మా. ఒక్క నిమిషం.

…అబిగయీలు పిలస్తా ఉంది. లోపలికి ఒక్కరినే పంపతారంట. నన్నే రమ్మంటా ఉంది. మగ్దలీనమ్మ కళ్ళతో ఎవర్నో వెతకతా ఉందంట, నన్నేనేమో అంటా ఉంది ఆ పిల్ల. …అంత జరిగినా నన్నే పంపతా ఉంది చూడు.

మాట రాకపోయినా ఆమెకి వినపడతాదంట. డాక్టరు చెప్పినాడు. మంచి మాటలు చెప్పండి అన్నాడు. నా కాడేముండాయి మంచి మాటలు. చెయ్యి పట్టుకుంటా. ఎడమ చెయ్యి. అది తెలస్తాదంట ఆమెకి.

…ఆ. అది కూడా చెప్తా. నేను తాగమని చెప్పలేదే అని చెప్పుకోవాల గదా. ఆమె నా మీద ఏమనుకోని పడుకోనుందో.

…లేదురా. దాచను. ఎవరు చెప్పినారో కూడా చెప్తా.

…ఏడవబాక. …నువ్వు ఏడిస్తే చిన్నప్పట్నుంచీ నేను తట్టుకోలేను, అది నీకు తెలుసు. అందుకని ఏడవబాక నాతో.

వాళ్ళు తలుపు తెరిచినారు. పోవాల.

పెట్టేయ్ సుధాకరా.

…పెట్టవా.

సరే.